కత్తికి తెగని నలుపు

నా తల మీద ఉన్నవి వెంట్రుకలు కావు, చుక్కలు. ఈ మాట చెప్పవలసిన రోజున చెప్పకపోవడం వల్లనే మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పోయిన పదోనాడు కాలువ గట్టు మీద అంత గొడవ జరిగింది. అందుకని ఇక్కడ మొదట్లోనే చెప్పేస్తున్నాను.

ఈ చుక్కలు పెట్టించుకోవడానికి కారణం మా కాక, అంటే బాపు తమ్ముడు. బోధన్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా చుట్టాలమ్మాయి పెళ్లి జరుగుతోంది. అక్షింతలు వేయడానికి నేను వేదిక ఎక్కగానే వీడియో తీసే మనిషి, "అన్నా, జర పక్కకు జరుగు, నీ నెత్తి మీది లైటు కెమెరల కొడ్తున్నది" అన్నాడు. అతను పని చేసుకుంటున్న మనిషి, అతని మీద నాకు కోపం లేదు. అందరికంటే ముందు నవ్వింది మా కాక. చిలకపచ్చ చొక్కా వేసుకొని, చేతిలో సగం కొరికిన లడ్డూతో ఉన్నాడు. నవ్వి ఊరుకోలేదు.

"గా లైటును పొలం కాడికి పంపురా, మోటరు కాడ చీకటున్నది" అన్నాడు.

ఆ పెళ్లి ఆల్బం మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. నేను ఎక్కడా లేను.

నిజామాబాద్‌లో నేను ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. కాలేజీకి పోయే దారిలో చెప్పుల దుకాణం పైఅంతస్తులో ఒక క్లినిక్ ఉంది. అక్కడి అమ్మాయి నా తల చూసి నిజాయితీగానే చెప్పింది. "ఎంట్రుకలైతే రావు సార్. ఉన్నట్టు కనవడ్తది. గుండు కొట్టిచ్చి నాలుగు దినాలైనోళ్ల లెక్క." చెవుల మీద, వెనకాల మిగిలిన వెంట్రుకలను ఎప్పటికప్పుడు మిషన్‌తో పొట్టిగా కొట్టుకుంటే రెండూ కలిసిపోతాయంది. మూడుసార్లు వెళ్లి పడుకున్నాను. సన్నని సూదితో నెత్తి మీద వేల చుక్కలు పొడిచింది. చివరి రోజు అద్దం ఇచ్చింది. పెళ్లి కాకముందటి నా మొహం అందులో ఉంది.

దానికి ఆమె చెప్పిన ఇంగ్లిషు పేరు పొడుగ్గా ఉంది. నాకు తెలిసిన పేరు ఒక్కటే, పచ్చబొట్టు. మా ఊరి ఆడవాళ్ల చేతుల మీద ఉండేది అదే. ఆ మాట మా వాళ్లెవరి ముందూ ఎత్తొద్దని నా భార్యకు గట్టిగా చెప్పాను.

ఆ వారమే రుద్రూర్ పక్కనున్న మా ఊరికి పోయాను. బాపు చెరుకు తోట ఒడ్డున కూర్చొని ఉన్నాడు. చూపు అప్పటికే మందగించింది. చేయి అడ్డం పెట్టుకొని నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందిరా, ఎంట్రుకలొచ్చినయా?"

"మందు పెడ్తున్న బాపు. మొలుస్తున్నయి" అన్నాను. "పట్నంల గిట్లనే కురుసగ, పొట్టిగ కొట్టిచ్చుకుంటరు."

"మంచిగైంది బిడ్డా" అన్నాడు. అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆయన దాన్ని ఊరంతా చెప్పుకున్నాడు. హోటల్లో చాయ్ తాగేవాళ్లకు చెప్పాడు, చెరుకు లారీ డ్రైవర్లకు చెప్పాడు. ఆయన మాట విని చందూర్ నుంచి ఇద్దరు బట్టతలవాళ్లు బస్సెక్కి నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చారు, మందు పేరు చెప్పమని. డాక్టర్ చీటీ లేనిదే ఇయ్యరని చెప్పి, టీ తాగించి పంపించాను.

ఆ తర్వాతి వానాకాలంలో బాపు పోయాడు.

పదోనాడు కాలువ గట్టు మీద చాప పరిచారు. మా ఇంట్లో అందరికీ గుండు చేసే ముసలి మంగలాయనే వచ్చాడు. పెద్ద కొడుకును కాబట్టి ముందు నేను కూర్చున్నాను. పక్కలకున్న నా అసలు వెంట్రుకలు నీళ్లతో తడిసి ఒడిలో రాలాయి. అవి కొంచెమే. ఆయన నెత్తి మీద కత్తి నడిపాడు, నీళ్లు చల్లాడు, మళ్లీ నడిపాడు. బ్లేడు మార్చాడు. లేచి నా తమ్ముడి దగ్గరికి పోయి అతనికి గీశాడు. తమ్ముడి గుండు తెల్లగా తేలింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. అప్పుడు చూశాడు మా కాక.

"ఏందయ్యా, పెద్దోనికి సగం గీకి ఇడిసిపెట్టినవ్?" అని మంగలాయనను అడిగాడు.

"సగం గాదు పటేలా, మూడుమాట్ల గీకిన. బ్లేడు గూడ మార్చిన. తెగుతలేవు."

"తెగకపోవుడేంది? ఇనుప ఎంట్రుకలా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కాక నవ్వలేదు. నా దగ్గరికి వచ్చాడు. "అయ్య పోయిన పదోనాడు గూడ షోకు ఇడుస్తలేవారా? మిషిన్ కొట్టిచ్చుకొచ్చి గుండంటున్నవ్."

"గుండే కాకా. నీ ముంగటనే గీకిండు గద."

"నాకు కండ్లున్నయి. నీ తమ్ముని నెత్తి సూడు, నీ నెత్తి సూడు. మా అన్న ఊరంత చెప్పుకున్నడు, పెద్దోనికి ఎంట్రుకలొచ్చినయని. వచ్చిన ఎంట్రుకలు ఆయనకియ్యనీకె పానం ఒప్పుతలేదా?"

బట్టతల అని నన్ను ఎన్ని రకాలుగా అన్నారో నాకు గుర్తుంది. వెంట్రుకలు దాచుకున్నానని ఎవరైనా అంటారని మాత్రం కలలో కూడా అనుకోలేదు. అదీ బాపు దగ్గర దాచుకున్నానని.

కాక కర్మ చేయించడానికి వచ్చిన అయ్యగారి వైపు తిరిగాడు. "చిన్నోనితోటి పెట్టియ్యుండ్రి పిండం. గుండు చేసుకోనోడు ఎట్ల పెడ్తడు?"

అయ్యగారు పొద్దెక్కుతోందని, ఏదో ఒకటి తొందరగా తేల్చమని అన్నాడు. పెద్ద కొడుకుగా నేనుండగా తమ్ముడు పిండం పెట్టడమా? నేను వెళ్లి మళ్లీ మంగలాయన ముందు కూర్చున్నాను. "గీకు" అన్నాను. గీశాడు. "ఇంకో మాటు" అన్నాను. నుదుటి మీదికి వెచ్చగా దిగింది. తుడుచుకుంటే రక్తం.

"అన్నా, సాలు" అని తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. నేను లేవలేదు.

మంగలాయన కత్తి కింద పెట్టాడు. బొటనవేలితో నా నెత్తిని వెనక నుంచి ముందుకు ఒత్తి చూశాడు. "నున్నగున్నది పటేలా" అన్నాడు మా కాకతో. "గిది ఎంట్రుక గాదు. పచ్చబొట్టు."

వెనక నుంచి మా మేనత్త గొంతు వినిపించింది. ఆమెకు తెలిసిన పచ్చబొట్టు చేతి మీద రాయించుకునే పేరు.

"నెత్తికి పచ్చబొట్టా? ఎవ్వలి పేరు రాయిచ్చుకున్నడే?"

ఈసారి అందరూ నవ్వారు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన, నన్ను కన్న మా అవ్వ తప్ప. సిగ్గు కంటే మొండితనమే నాలో ముందు లేచింది. పోయి ఒక్కొక్కరి ముందు తల వంచాను. "పట్టి సూడుండ్రి" అన్నాను. మేనత్త పట్టి చూసి "నున్నగనే ఉన్నదే" అంది. ఆమె కొడుకు చూశాడు. అయ్యగారు తాకనన్నాడు, కానీ వంగి దగ్గరగా చూసి తలూపాడు. చివరగా కాక ముందు వంచాను. ఆయన తాకడేమో అనుకున్నాను. గరుకు అరచేయి నా నెత్తి మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు. చెరుకు కొట్టే చేయి అది, గాట్ల మీద మంట పుట్టింది.

నేను తలెత్తి ఆయన ఓడిపోయిన మొహం చూద్దామనుకున్నాను. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

"మరి మా అన్నకు మొలిసినయని ఎందుకు జెప్పినవ్‌రా?" అన్నాడు మెల్లగా. "నమ్మిండు గదరా ఆయన. ఆఖరికి దవాఖానల గూడ నాతోని అదే అన్నడు. పెద్దోనికి ఎంట్రుకలొచ్చినయి, ఇగ వానికి రంది, ఫికరు లేదని."

ఆయన మీద దాచిపెట్టుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. దవాఖానలో బాపు ఆ మాట అన్నాడని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

"పెద్దోడే పెడ్తడు. కానియ్యుండ్రి" అని కాక అయ్యగారికి చెప్పి పక్కకు జరిగాడు.

కావాలని పట్టుబట్టిందే నాకు దక్కింది. కూర్చుని పిండం పెట్టాను. తండ్రి పేరు మూడుసార్లు చెప్పమంటే రెండుసార్లు చెప్పి ఆగాను. వెనకాల ఎవరో "పాపం, పెద్దోడు గద" అన్నారు.

కాక మీద నాకున్న కోపాలన్నీ అలాగే ఉన్నాయి. నెలకోసారి ఊరికి పోయినప్పుడు ఎదురుపడతాడు, వానల గురించి మాట్లాడతాడు, ఆ ప్రశ్న మాత్రం మళ్లీ వేయలేదు. వేస్తే చెప్పడానికి రెండు మూడు జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. కాకకైతే సరిపోతాయి. బాపుకు చెప్పేలా ఒక్కటీ లేదు.