పళ్లెం పక్కన గ్లాసు

కొత్తపేట నర్సింహ చుక్క ముట్టడు. ముట్టనివాడి చేతిలోనే సీసా పెట్టాలని కనిపెట్టడం ఆ ఇంటి మగవాళ్లు జన్మలో చేసిన ఒకే ఒక్క తెలివైన పని. పెళ్లయినా, పురుడయినా, దినమయినా, దావత్‌లో మందు కౌంటర్ నర్సింహదే. ఎవరికి ఏ సీసా తీయాలి, ఎవరికి నీళ్లు ఎక్కువ కలపాలి, ఎవరిని మాటల్లో పెట్టి రెండో గ్లాసు దగ్గరే ఆపాలి, ఎవరి గ్లాసు నింపడం మరిచిపోతే వాళ్లు చచ్చేదాకా మాట్లాడరు, అంతా ఆయన తలలో ఉంటుంది. ఎవర్నీ ఏం కావాలని అడగడు. మనిషి మొహం చూసి పోస్తాడు. అదే ఆయన గొప్ప.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లు బత్తాయి వేలంలో ఆయన గొంతుకు ఎదురులేదు. మార్కెట్ ఊరవతలికి పోయాక ఆ గొంతు ఇంట్లో భార్య ఐలమ్మ మీద లేవబోయింది. ఐలమ్మ ముందు ఎవరి గొంతూ లేవదు. ఇక ఆయనకు మిగిలిన మర్యాదంతా ఆ కౌంటర్ ఒక్కటే.

దానికే ఎసరు పెట్టాడు అదే ఇంట్లో ఉండే అన్న కొడుకు బాల్‌రాజ్. ప్లాట్ల వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేశాడు, ఇప్పుడు కూతురు పల్లవి పెళ్లి ఖాయం చేశాడు. కాబోయే వియ్యంకుడు మల్లికార్జునరావుది కోస్తా వైపు. ఎల్బీనగర్ దాటితే వనస్థలిపురంలో ఇల్లు. ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచారు.

"కాకా, ఆయన విస్కీ ముట్టడంట. తెల్ల వైన్ తాగుతడంట. గది గూడ అన్నం తినుకుంటనే తాగుతడంట."

"అన్నం తినుకుంటనా?"

ఆ ఇళ్లలో మందు వేరు, అన్నం వేరు. ముందు గ్లాసులు, వాటితో పల్లీలు, వేయించిన బోటి. గ్లాసులన్నీ ఖాళీ అయి కింద పెట్టాకే అన్నం వస్తుంది. తాగుతున్నవాడి ముందుకు అన్నం తేవడమంటే, నీకింక చాలు, లేచిపో అని చెప్పడమే. అలా ముందుగా వచ్చిన అన్నం వల్ల తెగిపోయిన వియ్యాలు ఆయనకు తెలుసు.

"నీతోటి కాదంటే చెప్పు. లగ్గానికి ఎట్లాగూ కేటరింగోళ్లు కౌంటర్ కాడ టై కట్టుకున్న మనిషిని నిలబెడ్తమంటున్నరు."

"టై కట్టుకుంటే మందు పొయ్యనీకె వస్తదారా?"

"ఐతారం చూస్తా. నువ్వు మంచిగ చేస్తే లగ్గంల గూడ నువ్వే."

నర్సింహ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. మందు దుకాణం ఆయన రెండు సీసాలు ముందు పెట్టాడు. ఒకటి పుల్లటిది, ఒకటి కొంచెం తియ్యటిది.

"ఏది మంచిది?"

"రెండూ మంచియే పెద్దాయనా. దేంతోటి తింటరు? దాన్ని బట్టి ఉంటది."

కూర చూసి సీసా కొనడం నర్సింహ ఇంతవరకూ ఎరగడు. దుకాణం ముందే నిలబడి ఇంటికి ఫోన్ కొట్టాడు.

"ఐతారం ఏం వండుతున్నవే?"

"మందు కొననీకె పోయినోనికి నా వంట ముచ్చటెందుకు?" అంది ఐలమ్మ. తర్వాత చెప్పింది. "కొర్రమీను ఏపుడు, కోడికూర. నచ్చకుంటే ఆడనే తినిరాపో."

రెండు సీసాలూ ఇంటికి వచ్చాయి. తాగనివాడు రుచి ఎలా చూస్తాడు? చూసేది ఐలమ్మ. కల్లు పోసిన మూకుడు వాసన చూసి చెట్టు ఏ దిక్కున ఉందో చెప్పే మనిషి. పల్లవి కూడా వచ్చి కూర్చుంది. సీసాలు బాగా చల్లబడాలని, మూతి దాకా గ్లాసు నింపొద్దని చిన్నతాతకు చెప్పింది.

కోడికూర ముక్క నమిలి పుల్లటిది ఒక గుక్క తాగింది ఐలమ్మ. "నోట్ల మంట మీద ఇంకో మంట పెట్టినట్టుంది. తీసెయ్యి." తియ్యటిది తాగింది. "గిది నయం. కారాన్ని జోకొడ్తుంది." వేయించిన కొర్రమీనుతో మళ్లీ పుల్లటిది తాగింది. ఈసారి తిట్టలేదు. ఇంకో ముక్క తీసుకుంది, ఇంకో గుక్క తాగింది. "చేప మీద నిమ్మకాయ పిండే పని తప్పింది" అంది. ఐలమ్మ నోట ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు పెళ్లినాటి నుంచీ నర్సింహ వినలేదు.

"తాతా, చేపకు పుల్లటిది, కోడికి తియ్యటిది. యాదుంచుకో" అంది పల్లవి.

యాదుంచుకున్నాడు. సీసాల సంగతిలో ఆయన ఒక్క తప్పు చేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం మల్లికార్జునరావు వచ్చాడు. బాలాపూర్ నుంచి జానయ్య వచ్చాడు. జానయ్య బాల్‌రాజ్ భార్యకు అన్న, పల్లవికి మేనమామ. పెళ్లిలో పిల్లను గంపలో ఎత్తుకొచ్చేది ఆయనే. నర్సింహ జానయ్య ముందు ఎప్పటి విస్కీ పెట్టాడు. ఫ్రిజ్‌లోంచి చెమటలు కారుతున్న పుల్లటి సీసా తీసి కొత్త వియ్యంకుడికి పోశాడు. పల్లీలు, బోటి పెట్టాడు. వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు.

మల్లికార్జునరావు ఒక్క గుక్క తాగి, "చాలా బాగుందండీ" అని గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ముట్టలేదు.

నర్సింహ చూస్తున్నాడు. గ్లాసు ఖాళీ అయితే కదా అన్నం తేవడం. ఖాళీ కాదు. వియ్యంకుడు మాటిమాటికీ వంటింటి వైపు చూస్తుంటే, కొత్తగా చెక్కించిన దర్వాజా నచ్చినట్టుందని నర్సింహ సంబరపడ్డాడు. ప్లాట్ల ముచ్చట అయిపోయింది. ఎండల ముచ్చట అయిపోయింది. పెద్దమనిషి పల్లీలు ఒక్కొక్కటే లెక్కపెట్టి తింటున్నాడు. షుగరున్న మనిషి, మొహం వాడిపోయింది. అటు బాల్‌రాజ్ మెడ కింద రెండు వేళ్లు పెట్టి టై ముడి వేసినట్టు చేసి చూపించాడు.

ఐలమ్మ వంటింటి గుమ్మంలోకి పిలిచింది. "చేప సల్లారింది. నీ సీస ఎచ్చబడ్డది. రెండిటికీ లగ్గం చేస్తవా, చెయ్యవా?"

"గ్లాస్ ఖాళీ గాలేదే."

"ఎట్లయితది? నువ్వు గ్లాస్ జూస్తున్నవు, ఆయన పళ్లెం జూస్తుండు. తినుకుంట తాగుతడని నీకు చెప్పలేదా?"

"చెప్పిండు, గని ముందుగాల ఒక్క గ్లాసన్న ఖాళీ గావాలె గద. అన్నమంటే ఎట్లనే? లెవ్వమన్నట్టుంటది."

"లెవ్వమనకు. కూసోనియ్యి. ఆకలికి ఆడనే పడిపోతడు."

నర్సింహ జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఒక చేతిలో పళ్లెం, ఒక చేతిలో పుల్లటి సీసా పట్టుకుని, ఖాళీ కాని గ్లాసు ముందు కూర్చున్న చుట్టం దగ్గరికి నడిచాడు.

"తినుకుంట తాగున్రి సారూ. లెవ్వమని గాదు, ఒట్టు!"

"అయ్యో, ఇందుకోసమేనండీ చూస్తున్నది" అని మల్లికార్జునరావు పళ్లేన్ని రెండు చేతులా అందుకున్నాడు. "వియ్యాలవారింట్లో అన్నం పెట్టమని నోరు తెరిచి ఎలా అడుగుతాం చెప్పండి?"

చేపతో పుల్లటిది సగం పోయింది, కోడితో తియ్యటిది వచ్చింది. ఆయన మొహానికి రంగు తిరిగి వచ్చింది. "పెళ్లిలో కూడా నా వైపు నర్సింహగారే ఉండాలి" అన్నాడు. నర్సింహ ఛాతీ రెండింతలయింది.

అప్పుడే జానయ్య లేచి నిలబడ్డాడు.

"నా గ్లాసుల ఇంక సగముంది మామా. గప్పుడే అన్నం దెచ్చినవు. సమజయింది. పోతున్న." ఎవరు పిలిచినా ఆగలేదు. చెప్పులు వేసుకుని బండి తీశాడు.

సాయంత్రం బాల్‌రాజ్ తీర్పు చెప్పాడు. "బావ నీ చేతి గ్లాస్ ముట్టనంటుండు కాకా. లగ్గంల వాళ్ల దిక్కు నువ్వు నిలబడు, మన దిక్కు టై మనిషి ఉంటడు."

ఇన్నేళ్లు ఎవరి గ్లాసులు నింపాడో వాళ్లే చేయి దాటిపోయారు. తెల్లారి నర్సింహ బస్సెక్కి బాలాపూర్ వెళ్లాడు. జానయ్య మంచం మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఆయన్ని చూసి పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నం దెచ్చుడు తప్పయింది అల్లుడా."

"అన్నం ముచ్చట పక్కకు పెట్టు."

"మరేంది?"

జానయ్య పేపర్ మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "గా తెల్లది ఎట్లుంటది?"

"నీకు నచ్చదు. నువ్వు విస్కీ మనిషివి."

"నచ్చదని నీకెట్ల ఎరుక? ఆయనకేమో ఫ్రిజ్‌లకెల్లి తీసిన సీస, నాకు ఎప్పటి సీస. పిల్ల మేనమామను నేను! నీకు గావాల్నా అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేంబోయె?"

మొహం చూసి పోసే నర్సింహకు ఆ మొహంలో ఇంతవరకూ ఇది కనిపించలేదు. పెళ్లిలో ముందుగా అడిగి పోస్తానని మాటిచ్చాకే జానయ్య ఆయన చేతి గ్లాసు తీసుకుంటానన్నాడు.

ఇంటికి రాగానే బాల్‌రాజ్‌ను పట్టుకున్నాడు. "మన దిక్కు గూడ తెల్లది పెట్టియ్యి."

"మనోళ్లు తాగుతరా కాకా? తూ అని ఊంచుతరు."

"ఊంచనీ. అడిగినంక ఊంచుతరు. జానయ్య నా చేతుల గ్లాసే దీస్కుంటనన్నడు. టై మనిషిని వద్దని చెప్పు."

పెళ్లి ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో జరిగింది. రెండు కౌంటర్లకూ నర్సింహే నిలబడ్డాడు. అందరికన్నా ముందు మేనమామ దగ్గరికి రెండు సీసాలు పట్టుకుని వెళ్లి, ఏది కావాలని వంగి అడిగాడు. జానయ్య చుట్టూ నలుగురు చూస్తున్నారో లేదో చూసుకుని తెల్లదాని వైపు వేలు చూపించాడు. కాలు మీద కాలేసుకుని ఒక గుక్క తాగాడు. మొహం చింతకాయ కొరికినట్టు ముడుచుకుపోయింది.

"మంచిగుంది మామా" అన్నాడు అందరికీ వినపడేలా. తర్వాత గ్లాసు నర్సింహ చేతికిచ్చి గొంతు తగ్గించాడు. "ఇగ విస్కీ పొయ్యి."