అంగడత్త దాచుకున్న పొట్లం కాగితం

పోయిన నెల ఒక గురువారం పొద్దున నేను మార్కాపురంలో ఆఫీసుకు బయల్దేరుతుంటే గిద్దలూరు నుంచి అంగడత్త కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. షట్టరు తీసి, తక్కెడకు దండం పెట్టుకొని కూర్చున్నాది. కూర్చున్నట్టే ఒరిగిపోయింది" అన్నాడు. తర్వాత, "మీ ఫోన్ గ్రూపు వాళ్ళకు నువ్వే చెప్పాల. వాళ్ళెవరో నాకు తెలీదు" అన్నాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? ఆ గ్రూపులో సగం మంది మొహాలు నేనూ చూడలేదు. ఒకాయన కరీంనగర్లో రిటైరైన సారు, ఒకామె విశాఖలో ఉంటారు, ఒక తమ్ముడు మస్కట్లో లారీ తోలుతాడు. వారంలో ఏం చదివామో ఆదివారం ఆదివారం చెప్పుకోవడమే మా చుట్టరికం. "అంగడత్త ఇక లేదు" అని టైపు చేశాను, చెరిపాను, మళ్ళీ టైపు చేశాను. అంతకుముందు ఆదివారమే అత్త మాకొక కథ మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగతాది వచ్చే ఆదివారం చెప్తానంది. మేమంతా ఆ కథ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాం. ఆ సంగతి మీకు తెలియాలంటే అత్త ఎట్లా చదివేదో ముందు చెప్పాలి.

అత్త అంటే రక్తసంబంధం కాదు. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో వాళ్ళది కిరాణా అంగడి, ఎదురుగా మా ఇల్లు. వాళ్ళు తరాలుగా వ్యాపారం చేసినవాళ్ళు, మేము చర్చికి పోయేవాళ్ళం, మా నాయన స్టేషన్లో మూటలు మోసేవాడు. అయినా చిన్నప్పుడు ఉప్పుకూ చింతపండుకూ పోయి పోయి అంగడత్త అని పిలవడం అలవాటైంది. గ్రూపులో కూడా అందరికీ, ఆమెకంటే పెద్దవాడైన కరీంనగర్ సారుకు కూడా, ఆమె అంగడత్తే అయింది.

త్రిపురాంతకంలో ఏడో తరగతితో చదువు మాన్పించి పెళ్ళి చేశారట. కథలంటే చెవి కోసుకునే పిల్ల. కాపురానికొచ్చిన కొత్తలో పుస్తకం పట్టుకుంటే వాళ్ళత్త, "అంగట్లో పుస్తకం తెరిస్తే లక్ష్మి లేచిపోతాది" అని లాక్కుందట. అయితే పొట్లం కాగితం పుస్తకం కాదు కదా! కిలోల లెక్కన పాత పేపర్లు, వారపత్రికలు వచ్చి పడేవి. వాటిని చింపి, చదును చేసి, పొట్లాలకు సిద్ధం చేయడం కోడలి పని. చదును చేసే వంకతో చదివేది. మొదలు లేని కథలు, చివర లేని కథలు, నడుమ నడుమ నూనె మరకలు. అట్లా ఆమె జీవితంలో ఎక్కువ భాగం ముక్కలే చదివింది.

నా చిన్నతనంలో సరుకుకు పోతే మా అమ్మ తిట్టేంత ఆలస్యమయ్యేది. అత్త కందిపప్పు తూచి, కాగితం మీద పోయబోయి, ఆగిపోయేది. "ఉండు పాపా, దీంట్లో కథ ఉండాది" అని కళ్ళజోడు సర్దుకునేది. వెనకాల నలుగురు నిలబడినా నిమ్మకు నీరెత్తినట్టు చదువుకునేది. చదివింది నచ్చితే ఆ కాగితంలో బెల్లమో చక్కెరో కట్టేది. నచ్చకపోతే కారప్పొడి. "ఈ కథకు ఇదే న్యాయం" అని పురికొస గట్టిగా బిగించేది. మరీ నచ్చినవి ఎవరికీ కట్టకుండా తను కూర్చునే పీట కింద దాచుకునేది.

ఫోనులో డబ్బులు తీసుకునే రోజులొచ్చాక కొడుకు ఆమెకు కొత్త ఫోను కొనిచ్చాడు. అప్పుడే నేను మా గ్రూపు సంగతి చెప్పాను. మొదట ఒప్పుకోలేదు.

"ఊరూ పేరూ తెలీనోళ్ళకు మన చదువు ఎట్ల చెప్తాం పాపా?"

"చెప్తే ఏమైతాది అత్తా?"

కొంచెంసేపు తక్కెడ తుడుస్తూ ఆలోచించింది. "నిజమేలే. ఈ కాగితం ఎవరింట్లోంచి వచ్చినాదో మనకు తెలుసా? అయినా చదువుతాండాం. మనుషులూ అంతే."

చేరిందే గానీ రెండు ఆదివారాలు నోరు విప్పలేదు. అందరూ లావు లావు పుస్తకాల గురించి చెప్తుంటే భయపడిందట. మూడో వారం ఒక కాగితం ఫోటో పంపింది. అందులో కాగితం కంటే ఆమె బొటనవేలే ఎక్కువగా కనపడింది. వెంటనే వాయిస్ మెసేజి: "ఈ వారం నేను చదివినది ఒక్క పేజీ. ఒకాయన ఇరవై ఏండ్లకు ఊరికి తిరిగొచ్చినాడు. ఎందుకొచ్చినాడో నూనెలో పోయింది. ఎవురన్నా చదివింటే చెప్పండి నాయనా... ఏందమ్మా, పావుకిలోనా? వస్తాండా..."

ఆ రోజు గ్రూపు గ్రూపంతా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. అతను ఎందుకొచ్చి ఉంటాడో తలా ఒకటి చెప్పారు. మస్కట్ తమ్ముడు చెప్పింది వింటే నాకు కన్నీళ్ళొచ్చాయి. తనూ ఊరొదిలి చాలా కాలమైంది మరి. అప్పటినుంచి ఆదివారమంటే అత్త కాగితమే. మా మాటలు కూడా మారిపోయాయి. ఎవరైనా కొత్త పుస్తకం గురించి చెప్తే, "బెల్లమా, కారప్పొడా?" అని అడిగేవాళ్ళం. జిల్లాలు విడగొట్టినప్పుడు విశాఖ మేడం, "అంగడత్తా, మీదిప్పుడు ఏ జిల్లా?" అంటే, "పుట్టినప్పుడు కర్నూలు, పెండ్లి నాటికి ప్రకాశం. ఇప్పుడూ ప్రకాశమే అంటాండారు. మా అంగడి మాత్రం యాడికీ కదల్లేదు తల్లీ" అంది.

ఆ మేడమే పాపం ఒకసారి మంచి నవలొకటి పోస్టులో పంపారు. అత్త మొత్తం చదివింది. పుట్టి బుద్ధెరిగాక ఒక పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదవడం అదే మొదలు. ఎట్లా ఉందని అడిగితే, "బాగుండాది. కాకపోతే అంతా రాసినాయనే చెప్పేసినాడు. నాకేం మిగల్చలేదు" అంది.

ఆమె పీట కింద అన్నిటికంటే అడుగున ఒక కాగితం ఉండేది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకుతో అతికించింది. అందులో కథ ఇంతే: ఒక కోడలు భర్తతోటీ అత్తతోటీ రైల్లో పోతుంటుంది. అత్తకు దాహమవుతుంది. ఏదో చిన్న స్టేషన్లో కోడలు చెంబు పట్టుకొని దిగుతుంది. కుళాయి దగ్గర గుంపు. చెంబు నిండేసరికి రైలు కదులుతుంది. 'ఇంకా ఉంది' అని అక్కడితో ఆ వారం అయిపోయింది. తర్వాతి వారం కాగితం అంగడత్తకు ఏనాడూ దొరకలేదు. పాత పేపర్లవాడు వచ్చినప్పుడల్లా మూటంతా కుమ్మరించి వెతికేది. రోడ్డు చివర స్టేషన్లో రోజూ రైళ్ళు వచ్చి పోతుంటే ఆ కోడలు ఏమైందోనని దిగులుపడేదట. నాకు ఊహ తెలిసేనాటికే ఆ దిగులు ఆమెలో ఉంది. ఆఖరికి ధైర్యం చేసి ఆ కాగితం ఫోటో కూడా గ్రూపులో పెట్టింది.

కరీంనగర్ సారుకు పాత వారపత్రికలు పోగేసే పిచ్చి. ఆ పేజీలో బొమ్మ చూసి, ఏ పత్రికో పోల్చుకొని, తెలిసిన వాళ్ళందరినీ అడిగి, నెలల తరబడి వెతికారు. ఆమె పోవడానికి ముందు ఆదివారం, తర్వాతి వారం పేజీలు దొరికాయని ఫోటోలు పంపారు. నేను ఆ రోజు పుట్టింట్లోనే ఉన్నాను. చర్చి నుంచి తిరిగొస్తుంటే అత్త రోడ్డు మీదికొచ్చి పిలిచింది. "పాపా, దొరికినాదంట! నువ్వు పక్కనుండు."

ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదివింది. పెదవులు కదులుతున్నాయి. కథలో కోడలు కేకలు పెడుతూ పరిగెత్తుతుంది. గార్డు చూసి రైలు ఆపుతాడు. భర్త దిగి నాలుగు తిట్లు తిట్టి ఎక్కిస్తాడు. ఆ కోడలి అత్త నీళ్ళు తాగి, "ఇంత ఆలస్యమా?" అంటుంది. కోడలు అందరి కాళ్ళకూ దండం పెడుతుంది. అయిపోయింది.

అంగడత్త కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంతేనా?" అంది. మొహం చిన్నబోయింది. నేను, "కారప్పొడా అత్తా?" అన్నాను. నవ్వింది గానీ కళ్ళు చెమ్మగిల్లాయి.

"పాపం, సారు ఎంత కష్టపడి ఎతికినాడో. ఆయన్ను అనేదేముంది? కానీ పాపా, ఇన్నేండ్లలో నేను ఆయమ్మను ఒక్కసారి కూడా ఆ రైలెక్కించలేదు."

"మరి ఏం చేసినావు?"

"చెప్తే నవ్వుతారు."

ఎవరం నవ్వమని, ఆ మాటే గ్రూపులో చెప్పమని బతిమాలాను. అత్త మనసులో వేరే ముగింపు ఉందని నేను గ్రూపులో రాస్తే సారు కూడా, "నేను వెతికింది ఇది కాదు అత్తా, నీ దగ్గరున్నదే" అని రాశారు. అప్పుడు ఫోను నోటి దగ్గర పెట్టుకొని మొదలుపెట్టింది. అదే ఆమె మాకు పంపిన చివరి మెసేజి.

పెద్దకర్మ రోజు గిద్దలూరు పోయాను. అంగడి షట్టరు సగం దించి ఉంది. భోజనాలయ్యాక కొడుకు నన్ను లోపలికి పిలిచాడు. కాగితాలు మానేసి కవర్లు వాడదామని తల్లితో ఏళ్ళ తరబడి పోట్లాడినవాడు అతను.

"అక్కా, ఆ గ్రూపులో వాళ్ళు ఇంతమంది ఫోన్లు చేసి ఏడుస్తాండారు. మా అమ్మ వాళ్ళకు ఏం చెప్పేది?"

నేను ఫోను తీసి ఆ చివరి మెసేజి పెట్టాను. తక్కెడ పక్కన నిలబడి విన్నాడు.

"రైలు కదిలినాది. ఆయమ్మ ఉరకలేదు. రైలెంట ఎందుకు ఉరకాల? అట్లనే నిలబడి సూసింది, ఆఖరి పెట్టె పోయేదాంక. పోయినాక అంతా సద్దుమణిగినాది. చేతిలో నిండు చెంబు. అత్త కోసరం పట్టిన నీళ్ళు. పొద్దున్నుంచి ఆయమ్మకూ దాహమే, ఎవురు అడిగినారు? ఆ చెంబు ఎత్తి గటగటా తాగింది. ఆఖరి చుక్క దాంక తానే తాగింది. తాగి, కొంగుతో మూతి తుడుసుకొని, రోడ్డు దిక్కు సూసింది. సూస్తే... ఏందన్నా? అరకిలో చక్కెరా? ఉండు, వస్తాండా. మిగతాది వచ్చే ఆదివారం చెప్తా నాయనా, ఉంటా."

చక్కెర తక్కెడలో పడిన చప్పుడుతో మెసేజి ఆగిపోయింది.

కొడుకు తల్లి పీట మీద మెల్లగా కూర్చొని, చిన్నపిల్లవాడిలాగా నా వైపు చూశాడు.

"తర్వాత?"

స్టేషన్లో ఏదో రైలు కూతపెట్టి కదిలిపోయింది. నాకు మాత్రం ఆ ప్లాట్‌ఫారం మీద ఖాళీ చెంబుతో, దాహం తీరిన మొహంతో నిలబడి రోడ్డు వైపు చూస్తున్న ఒక మనిషి కనపడుతూనే ఉంది.