రోలెక్కిన పుంజు

నాగార్జునసాగర్ ఆనకట్ట బరువెంతో ఇంజనీర్లకు తెలిసే ఉంటుంది. ఏళ్ల తరబడి నా ఛాతీ మీద కూర్చున్నది అంతకంటే ఒక పిసరు ఎక్కువే. అది ఒక పుంజు. చెంబులో పట్టేంత పుంజు. నవ్వకండి. నవ్వినా సరే, ఎవరికీ చెప్పకండి. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా పేర్లు మార్చి చెప్పాను. మీకెందుకు చెబుతున్నానంటే మీరు మా బావకు తెలియదు, మా బావ పెళ్లి కార్డులు తప్ప అచ్చయినదేదీ చదవడు.

మా అక్క మొగుణ్ని ఊళ్లో ఆరడుగుల మనిషంటారు. నా కళ్లకు తొమ్మిదడుగులు. ఆయన పక్కన నడిస్తే మాచర్ల ఎండలోనైనా నాకు గొడుగు అక్కర్లేదు. పెళ్లినాటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. పొట్టోడా, అంతే. ఆయన కోళ్లు కూడా ఆయనలాంటివే. తాత నాటి నుంచి వస్తున్న జాతి కోళ్లు. పందేలకు పంపడు. వాటి ఎత్తు చూసుకుని మురిసిపోవడమే ఆయన వ్యసనం.

ఒక వేసవిలో తెగులొచ్చింది. మంద మొత్తం పోయి ఒక్క పెట్ట మిగిలింది. తాత నాటి రక్తంలో అదే ఆఖరుది. అది పిల్లలు చేయకుండా పోతే ఆ జాతి అక్కడితో సరి. బావ అన్నం మానేశాడని అక్క ఫోన్ చేసి ఏడ్చింది. తెగులు తగిలిన దొడ్లో దాన్ని ఉంచకూడదని పశువుల డాక్టరు చెబితే, గురజాలలో ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆ పెట్ట దొడ్లో అడుగుపెట్టగానే మా గేదెదూడ మర్యాదగా పక్కకు జరిగింది. దానికి జోడీగా కారంపూడి నుంచి ఒక పుంజును అరువు తెచ్చాడు. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తెచ్చాడు. మా అక్క వెనక సీట్లో కూర్చుంది.

మా ఇంట్లో అప్పటికే ఒక పుంజు ఉంది. నరసరావుపేటలో మా అమ్మాయి పేచీ పెట్టి కొనిపించుకున్న పొట్టి జాతిది. దాన్ని గంప కింద మూసి ఉంచమని బావ ఆజ్ఞ. అంతటితో ఊరుకుంటే ఈ రాతే ఉండేది కాదు. వెళ్తూ వెళ్తూ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

“మూయకపోయినా ఏం కాదులేరా. మీ పొట్టోడికి నిచ్చెన వేసినా అందదు.”

వీధి గుమ్మం దాకా నవ్వుకుంటూ పోయాడు. మా ఇద్దరిలో ఎవర్ని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కారంపూడి మహావీరుడు మా ఇంట్లో చేసిన పని ఒక్కటే. నా మోటారు సైకిలు అద్దంలో తనను తాను చూసుకుని యుద్ధం చేశాడు. అలిసిపోతే పడుకున్నాడు. లేచి మళ్లీ అద్దం దగ్గరికే పోయాడు. బావ ఇచ్చి వెళ్లిన బాదంపప్పులన్నీ ఆ యుద్ధానికే ఖర్చయ్యాయి. పెట్ట వైపు తల తిప్పితే ఒట్టు. ఫోన్ చేసి ఆ మాట చెప్పాల్సింది. వేరే పుంజును వెతికేవాడు. ఎందుకు చెప్పలేదు? నిచ్చెన మాట చెవిలో మోగుతోంది కాబట్టి.

దొడ్లో వాడకం లేని పాత రోలొకటి ఉంది. దాని పక్కనే జొన్నలు చల్లాను. పెట్ట వచ్చి తల వంచి తింటూ, తింటూ, కడుపు నిండి అక్కడే చతికిలబడింది. నేను గంప ఎత్తాను. చూశారా, గంప జారిందని రాయడం లేదు. ఎత్తాను. మా పొట్టోడు ఒకసారి పెట్టను చూశాడు, ఒకసారి ఆకాశాన్ని చూశాడు. రోలెక్కాడు. ఎవరెస్టు ఎక్కినవాళ్లు కూడా ఛాతీని అంత విరిచి ఉండరు. అక్కడి నుంచి దూకాడు. ఆ తర్వాతది నేను రాయను, మీ ఇంట్లో పిల్లలుంటారు. దిగి వచ్చి పెట్టిన కూత మాత్రం కృష్ణ దాటి తెలంగాణలో వినపడి ఉంటుంది. ఆ వారమంతా నేను జొన్నలు చల్లుతూనే ఉన్నాను.

కారంపూడి పుంజు సన్మానాలతో తిరిగి వెళ్లింది. పెట్ట గుడ్లు పెట్టింది, పొదిగింది. తల్లి పెద్దది గనక గుడ్డూ పెద్దదే, అందులోంచి వచ్చిన పిల్లా పెద్దదే. ఎవరికీ అనుమానం రాలేదు. బావ నన్ను కావలించుకున్నాడు. నా ముఖం ఆయన బొడ్డుకు తగిలింది. తల్లీపిల్లల్ని సంబరంగా ఇంటికి తీసుకుపోయాడు. కొన్నాళ్లు బాగానే పెరిగాయి. తర్వాత, ఎవరో ఆగమన్నట్టు, ఆగిపోయాయి.

ఒకరోజు రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి బావ దొడ్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదిగిన పుంజు ఆయన మోకాలి మీద నిలబడి ఉంది. ఇంకా చోటు మిగిలింది.

“ఒరేయ్ పొట్టోడా, నిజం చెప్పు. ఆ కారంపూడి పుంజు పెట్టని కలిసిందా?”

“కలవకపోతే పిల్లలెట్టా వచ్చినయ్ బావా?”

“మరి ఇట్టా గిడసబారినయ్యేంది?” అని అక్క వైపు తిరిగాడు. “ఏమే, జొన్నలు కోళ్లకేస్తున్నావా, పిచ్చుకలకేస్తున్నావా?”

“నేనేమన్నా తింటన్నానా?” అంది అక్క.

లోపలికి పోయింది. ఆ పూట మాకు వడ్డించింది గానీ మాతో కూర్చోలేదు. గోంగూర పచ్చడి నా కంచంలో వేయబోయి నేల మీద వేసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. బావా, తప్పు నాది. నోరు తెరిచాను. ముద్ద పెట్టుకుని మూశాను. పుంజు విషయంలో నాకు సిగ్గు లేదు, రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది. కానీ ఆ ముద్ద ఇంకా దిగలేదు. నెలల తరబడి అక్క ఆ మాటలు పడింది. నేను ఎదురుగా కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకున్నాను. ఎలాంటి తమ్ముణ్ని నేను?

మరుసటి వేసవిలో తెగులు మళ్లీ వచ్చింది. ఊళ్లో పొడుగు కోళ్లన్నీ కొబ్బరిమట్టల్లా రాలిపోయాయి. అక్క మంద మాత్రం ఒక్క తుమ్మైనా తుమ్మకుండా నిలబడింది. నిలబడటమా? ఊరేగింది. పెట్టలు మానకుండా గుడ్లు పెట్టాయి. పుంజులు వీధి కుక్కల్ని బస్సు స్టాపు దాకా తరిమాయి. నడక మాత్రం అచ్చం తండ్రిదే, ఛాతీ ముందూ కోడి వెనకా. అది చూసినప్పుడల్లా దొరికిపోయాననుకుని గుమ్మం చాటుకు పోయేవాణ్ని. బావ కళ్లు తుడుచుకుని అన్నాడు గదా, “మా తాత ఇట్టాగే నడిచేవాడురా.”

ఇప్పుడు సత్తెనపల్లి దాకా వాటిని అక్క పేరుతోనే పిలుస్తారు. రాజ్యమ్మ కోళ్లు. ఎవరో ఆమెను ఫోన్‌లో వీడియో తీసి పెట్టారు. రహస్యమేమిటని అడిగితే పమిట సర్దుకుని, “రహస్యమేముంది బాబూ, చేతి చలవ, జొన్నలు” అంది. ఆ చేతినే బావ తిట్టాడు. ఇప్పుడు ఆ చేతినే అందరికీ చూపిస్తున్నాడు. నిజం చెబితే ఆయనకు తాత పోతాడు, ఆమెకు చేతి చలవ పోతుంది. దాచింది వాళ్ల కోసమేనా? ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. మొదట్లో మాత్రం భయంతోనే దాచాను.

మొన్న నడికుడి నుంచి ఒక రైల్వే ఆయన గుడ్ల కోసం వచ్చాడు. బావ తాత దగ్గర మొదలుపెట్టి కారంపూడి దాకా వంశమంతా చెప్పి, “మా బావమరిది కళ్లారా చూశాడు, అడగండి” అన్నాడు. అలవాటుగా తలూపాను. అక్క గుడ్లను ఊకలో ఒక్కొక్కటిగా సర్దుతోంది, పసిపిల్లలకు దుప్పటి కప్పినట్టు. ఒక్కటీ చెయ్యి జారలేదు.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ మందకు తండ్రి కారంపూడి పుంజు కాదు, మా పొట్టోడు. గంప ఎత్తింది నేను. అక్క మాటలు పడుతుంటే నోరు మూసుకున్నదీ నేనే. మీరు క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. బావ రేపు మళ్లీ సాక్ష్యానికి పిలుస్తాడు. పోతాను, తలూపుతాను. కాకపోతే ఈ భూమ్మీద ఇంకొకరికి నిజం తెలుసు. చాలు, కాస్త గాలి ఆడుతోంది.