గ్రౌండులో మిరపకాయలు పోసింది ఎవరు

"ఆదివారం మనోళ్ళు గెలుస్తారంటావా?" అన్నాడు మా ఆయన.

"గెలిచాక చూద్దాంలే, ముందు జావ తాగయ్యా" అన్నాను.

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు అవే. నలభై ఏళ్ళు కాపురం చేసి, చివరికి బంతీ, జావా. ఆ ఆదివారం మనోళ్ళు ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఇప్పుడు మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు తమ చరిత్ర పుస్తకం వేస్తున్నారంట. అందులో "సెక్రటరీ గారి మతిమరుపు వల్ల గ్రౌండంతా మిరపకాయలు" అని రాశారంట. సెక్రటరీ అంటే మా ఆయనే. ఆ మాట అబద్ధం. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని మా మనవరాలి చేత ఇది రాయిస్తున్నా.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో అందరికీ క్రికెట్ పిచ్చి, మా ఆయనకి ఫుట్‌బాల్ పిచ్చి. పదకొండు మందిని పోగుచేశాడు. వారమంతా వాళ్ళు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు, ఆదివారం ఆడితే ఆటకింత అని చేతిలో పెట్టేవాడు. గోల్‌కీపరైతే బంతిని పట్టుకుని అలవాటుకొద్దీ భుజానికెత్తేసేవాడు.

ఒక ఏడు లీగు వాళ్ళ నుంచి కబురొచ్చింది. ఈ ఆదివారం మీ గ్రౌండులో ఆట జరగకపోతే మీ క్లబ్బు పేరు కొట్టేస్తాం అని. ఆయన నీళ్ళు చల్లించి, రోలరు తిప్పించి, నేలని అద్దంలా చేసి, బనియన్లు తేవడానికి గుంటూరు వెళ్ళాడు. నాకేమో చేలో కల్లం తడిసి ముద్దయింది, కోసిన కాయ బూజు పట్టేలా ఉంది. అంత నున్నటి నేల ఎండలో ఊరికే పడుంటే ఏ రైతు పెళ్ళాం మనసు ఆగుద్ది? ఆట పై ఆదివారమనుకుని ట్రాక్టరు కాయ మొత్తం ఆరబోయించాను.

ఆయన ఆదివారం పొద్దున బస్సు దిగేసరికి ఈ గోలు నుంచి ఆ గోలు దాకా ఎరుపే. సముద్రం పక్కన సింగరాయకొండ నుంచి వచ్చిన జట్టు అప్పటికే బూట్లు కట్టుకుంటోంది.

"ఎవర్రా ఈ పని చేసింది?" అని మా కెప్టెన్ అరిచాడు.

ఆయన నా వంక చూశాడు. "నేనే పొయ్యమన్నాన్రా. ఆట సంగతి మర్చిపొయ్యా" అన్నాడు.

"ఆట ఆడదామనా, పచ్చడి నూరదామనా సెక్రటరీ?"

ఊరంతా కలిసి గంటలో కాయ ఎత్తేశాం. ఘాటుని ఎత్తగలమా? సముద్రపు గాలి పీల్చేవాళ్ళు పాపం, పరిగెత్తినకొద్దీ తుమ్ములే. రిఫరీ విజిల్ నోట్లో పెడితే దగ్గొచ్చింది, చేతులూపే ఆడించాడు. మావాళ్ళవి యార్డు ముక్కులు, చలించలేదు. అయినా గోలు కొట్టలేకపోయారు, అదీ మావాళ్ళ గొప్ప. ఆఖర్న ఎవడో తన్నిన బంతి, వాళ్ళ కీపరు రెండు తుమ్ముల మధ్య, కొత్తకోడలిలా మెల్లగా గీత దాటింది. క్లబ్బు నిలబడింది.

ఆనాటి నుంచి పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఆయన్ని "ఏం మిరపకాయల సెక్రటరీ" అనేవాళ్ళే. ఆయన నవ్వేవాడు. సిగ్గులేకుండా నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. పదకొండు మందీ నా మీద పడతారని ఆయన భయపడ్డాడేమో. నాకు నోరు లేదా? పదకొండు మందినీ గోలు వెనకాల కూర్చోబెట్టేదాన్ని.

ఆయనకి మతిమరుపు లేదు. కాయ పోయించింది ఆయన పెళ్ళాం. పుస్తకంలో అలాగే వెయ్యాలి. రాశావా అమ్మడూ? తలూపడం కాదు, నన్ను మంచిదాన్ని చెయ్యకుండా, ఉన్నదున్నట్టు పైకి చదువు.