అక్క దస్తూరి

లాండ్రీలో అక్కను అందరూ మూగమ్మ అనేవారు. మాటలు రాక కాదు, పొదుపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసేది.

బావ లిఫ్టులు బాగుచేసేవాడు. బయట పరమ నెమ్మదస్తుడు. ఒక ఆదివారం అన్నం చల్లారిందని బెల్టు బకిల్‌తో అక్క వీపు చీరేశాడు. జుట్టు పట్టుకుని మొహాన్ని వాష్‌బేసిన్‌కు కొట్టాడు. ముందు పన్ను విరిగింది.

ఫిర్యాదు నేనే రాయించాను, నా ఫోన్‌లోని ఏఐతో. "భర్త కొట్టాడు, ఫిర్యాదు రాయి" అన్నానో లేదో, రెండు పేజీలు వచ్చిపడ్డాయి. అమానుషం, అత్యంత పాశవికంగా, చిత్రహింసలు, తీవ్ర భయాందోళనలు. నాకు గర్వమేసింది. అక్క నెమ్మదిగా చదివి, "ఇది ఎవరి గురించే?" అంది.

"నీ గురించేనక్కా. సంతకం పెట్టు."

పెట్టింది.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై పెద్దాయన నాలుగు లైన్లు చూసి, బల్ల సొరుగులోంచి ఇంకో మూడు కాగితాలు తీసి పక్కన పరిచాడు. "ఈ వారం ఇది నాలుగోదమ్మా. ఊళ్ళో మొగుళ్ళంతా కూడబలుక్కుని 'అత్యంత పాశవికంగా'నే కొడుతున్నారా ఏంటి? మీ ఇంట్లో ఏం జరిగిందో ఇందులో ఎక్కడుంది?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన బావను పిలిచి నాలుగు చివాట్లు పెట్టి పంపేశాడు.

ఐదో రోజున అక్క ఎడమ చేతికి రక్తం కారుతున్న తువ్వాలు చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో కట్టు కట్టించాక నేను మళ్ళీ ఫోన్ తీశాను.

"అది లోపల పెట్టు. తలుపు దగ్గర నీ ఫోను లేదు, నేనున్నాను. కాగితం ఇయ్యి."

అక్క చదివింది ఏడో తరగతి. కాగితం జారకుండా నేను పట్టుకుంటే మూడు గంటలు రాసింది. ఒత్తులు తప్పులు, కొట్టివేతలు. రాసిన పేజీ రాసినట్టే అందుకుని చదివాను.

"వంటగది తలుపు పచ్చరంగు. సందులో వేళ్ళు పెట్టమన్నాడు. పెట్టలేదు. చెయ్యి లాగి పెట్టాడు. ఒకసారి వేస్తే విరగలేదు. మళ్ళీ వేశాడు. ముందు చప్పుడు వినపడింది. నొప్పి తర్వాత తెలిసింది. నేను అతని చెవి కొరికాను. కండ ఊడి నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు."

"చెవి సంగతి కొట్టెయ్యక్కా, కేసు నీ మీదికే వస్తుంది."

"జరిగింది కదే."

కింది పేజీలో ఇంకోటి ఉంది. "పెళ్ళయిన ఐదో నెలలో కడుపు మీద తన్నాడు. బిడ్డ పోయింది. మెట్ల మీద జారానని చెల్లికి చెప్పాను."

రెండు వీధుల అవతలే ఉంటాను నేను. ఆ అబద్ధాన్ని తొమ్మిదేళ్ళు నమ్మాను.

"నాకెందుకు చెప్పలేదక్కా?" అని ఏడ్చాను.

"నాకు నేనే చెప్పుకోలేదు. రాస్తుంటే వచ్చింది."

పెద్దాయన ఈసారి చివరి అక్షరం దాకా చదివాడు. చదివి, టోపీ పెట్టుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్ళాడు. పచ్చ తలుపు అంచుకు అక్క చర్మం ఎండి అతుక్కుని ఉంది. చెవికి కట్టుతో మంచమ్మీద పడుకున్న బావను అక్కణ్ణుంచే జీపెక్కించాడు.

కోర్టులో బావ తరఫు లాయరు, "మీరూ కొరికారుగా?" అని దబాయించాడు. "అవును. రాశానుగా, చదవలేదా?" అంది అక్క. జడ్జిగారు ఆ పేజీ మళ్ళీ తిప్పి చూశారు. బావకు నాలుగేళ్ళు పడింది.

అక్క రెండు వేళ్ళు ఇప్పటికీ ముడవవు. చొక్కా కాలరును మోచేత్తో అదిమి ఇస్త్రీ చేస్తుంది. పని లేనప్పుడు లాండ్రీ చీటీల వెనక ఆ తొమ్మిదేళ్ళ గురించి ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. చదవమని నాకే ఇస్తుంది. కొన్ని చదివాను. కొన్నిటికి ఇంకా ధైర్యం చాలలేదు.