సవరంలో సగం

మా నాయనమ్మ రాజమణికి లోకంలో ఒక్కరంటేనే కుళ్లు. ఆ ఒక్కరూ ఆమె సొంత చెల్లెలు. పైగా సంతోష్‌నగర్ చుట్టుపక్కల జనమంతా ఆ చెల్లెలి సమాధికి దండం పెట్టుకుంటారు.

చిన్నప్పుడు ఆమె చంద్రమ్మ. కన్యాస్త్రీల మఠంలో చేరాక ఆగాతమ్మ. తర్వాత నలుగురు సిస్టర్లతో రెండు గదుల అద్దె ఇంట్లో సొంతంగా ఒక మఠం పెట్టి, పిల్లలు వెళ్లగొట్టిన ముసలివాళ్లను తెచ్చి సాకింది. అప్పటినుంచి మదర్ ఆగాతమ్మ. నాయనమ్మ మాత్రం బహదూర్‌పురాలో మా తాతతో, నలుగురు పిల్లలతో, రెండు బర్రెలతో రాజమణిగానే ఉండిపోయింది.

"నేను గూడ నలుగురిని సాదిన. నన్ను ఎవరన్న మదర్ అన్నరా?" అనేది.

అసలు కుళ్లు జడ దగ్గర మొదలైంది. చెల్లెలి జడ నడుము దాటేది. నాయనమ్మది ఎలుకతోక. మఠంలో చెల్లెలి జుట్టు కత్తిరించిన రోజు వాళ్ల అమ్మా నాన్నా ఏడుస్తుంటే, నాయనమ్మ ఆ జుట్టును కొంగున మూటకట్టి తెచ్చుకుని సవరం చేయించుకుంది. ముప్పై ఏళ్లు అది పెట్టుకోనిదే ఆదివారం పూజకు పోలేదు. దువ్వెనకు వచ్చిన తన వెంట్రుకలు కూడా పారేయకుండా అందులోనే కలిపి అల్లేది.

మదర్ 1999లో పోయింది. ఐదేళ్లకు ఫాదర్ అమరనాథ్ ఆమె జీవితం రాస్తానని మా ఇంటికి వచ్చాడు. మంచీ చెడూ రెండూ చెప్పమన్నాడు. చెడు అనగానే నాయనమ్మ చాప పరిచింది.

తన కొత్త రవికె చెల్లెలు ఎత్తుకుపోయి బస్టాండులో ఎవరో ముసలామెకు తొడిగి వచ్చిందని చెప్పింది. ఫాదర్ రాసుకున్నాడు. తన వంతు అన్నం బిచ్చగాళ్లకు పెట్టేసి తనను పస్తు ఉంచిందని చెప్పింది. ఫాదర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది ఫాదర్, నేను తప్పులు జెప్తుంటే మీ మొఖం గట్ల వెలుగుతుంది? రవికె నాది. అన్నం నాది. పేరు మాత్రం దానికా?"

ఫాదర్ నవ్వి, మఠంలో మదర్ గదిని అలాగే ఉంచుతున్నామనీ, ఆమె గుర్తు ఏదైనా ఉంటే ఇవ్వమనీ అడిగాడు. ఏమీ లేదంది నాయనమ్మ. నేను ఆమె ముడివైపే చూస్తూ కూర్చున్నాను. తొడ మీద గిల్లింది. ఆ మచ్చ వారం ఉంది.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. సవరం ఇస్తే ఎలుకతోకతో గుడికి పోవాలి. ఇవ్వకపోతే ఫాదర్‌తో ఆడిన అబద్ధం అలాగే ఉండిపోతుంది.

"దొంగసొమ్ము నెత్తిన వెట్టుకొని సత్ప్రసాదం ఎట్ల తీస్కుంటవ్ నాయనమ్మా?" అన్నాను. చెప్పు విసిరింది.

శనివారం సవరాన్ని కుంకుడుకాయ రసంతో కడిగి ఎండబెట్టింది. ఆదివారం నెత్తిన కొంగు బిగించి కప్పుకుని, పూజ అయ్యాక ఫాదర్ చేతిలో పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని, ఇదంతా మదర్‌దేనా అని అడిగాడు.

"సగం దానిది. సగం నాది. ఏరుకుంటే ఏరుకోండ్రి."

ఏరడం ఎవరివల్లా కాలేదు. అలాగే అద్దాల పెట్టెలో పెట్టి కింద కాగితం అంటించారు. మదర్ ఆగాతమ్మ, ఆమె అక్క రాజమణి గార్ల కురులు అని.

నాయనమ్మకు చదువు రాదు. ప్రతి ఆదివారం నన్ను ఆ పెట్టె ముందు నిలబెట్టి, ఎవరి పేరు ముందుందో చదవమంటుంది. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. నాకు వచ్చిన చదువు ప్రకారం ఆమె పేరే ముందుంది.