పిడి కింద చిల్లుకాణీ

"అది అమ్మ పెట్టె అక్కా! అమ్మ వస్తువు ఒక్క గంటె కూడా నా దగ్గర లేదు. అదన్నా ఇయ్యి."

"యాడిదే అమ్మది? నా పెండ్లికి నాయన కొత్తగా చేయించినాడు. నాకు తెలీదా?"

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా చెల్లెలు ఆదోనిలో మా మంచం కింది ట్రంకుపెట్టె కోసం పొద్దుటి నుంచీ పోరుతోంది. అడిగినంత మాత్రాన ఇచ్చే అలవాటు నాకు లేదు. చివరికి అది ఎప్పటిదో తేల్చుకుందామని ఇద్దరం పెట్టెను ఆటోలో వేసుకుని, రేకు పెట్టెలు చేసే దుకాణానికి పోయాం. అక్కడి ముసలాయన నాకన్నా పెద్దవాడు. పెట్టె పిడి కింద వేలితో తడిమి నవ్వాడు.

"ఇది మా జేజినాయన చేసింది తల్లీ. బోల్టు కింద బిళ్ళకు బదులు ఆయన చిల్లుకాణీ ఏస్తాండె. నేను పుట్టకముందే పోయినాడు."

రంగు గీకితే నడుమ చిల్లున్న కాణీ బయటపడింది. నాకన్నా పెద్దవాడైన ఈ ముసలాయన పుట్టకముందే వాళ్ళ తాత చేసిన పెట్టె నా పెండ్లికి కొత్తది ఎలా అవుతుంది?

"ఇప్పుడేమంటావక్కా?"

"ఆటో బాడుగ నువ్వియ్యి అంటా."

మరునాడు పొద్దున్నే నా చీరలు తీసి మూటగట్టుకుని, ఖాళీ పెట్టెతో చెల్లెల్ని ఎమ్మిగనూరు బస్సెక్కించాను. తాళం మాత్రం నేను కొన్నది. ఉంచుకున్నాను.